సూరమ్మ ముల్లు

గుగ్గిలంకోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ముంగిసలు, కొండముచ్చులు, ఇంకా బోలెడన్ని జీవాలు ఉండేవి. ఎవరి తిండి వాళ్ళకి ఉండేది. అయినా పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అందరి ముక్కులూ ఒకే దిక్కుకు తిరిగేవి. ఆ దిక్కున ముళ్ళపంది సూరమ్మ పొయ్యి ఉండేది.

సూరమ్మ వండేది ఒక్కటే వంటకం, సామల ఉప్పిండి. పక్కన ఉసిరికాయ పచ్చడి. వచ్చినవాళ్ళు వరసలో నిలబడాలి. మోదుగాకు దొప్పలో వేడివేడిగా వేసి ఇచ్చేది. కుందేలు రెండు గెంతులు వేసేలోపు దొప్ప అందేది. కూర్చుని తింటారో, నడుస్తూ తింటారో వాళ్ళ ఇష్టం.

ఉడికిందో లేదో చూడ్డానికి సూరమ్మ తన వీపు మీది ముల్లు ఒకటి పీకి కుండలో గుచ్చేది. ముల్లు పొడిగా పైకొస్తేనే కుండ దించేది. తడిగా వస్తే, ఏనుగు వచ్చి నిలబడినా సరే, ఆగాల్సిందే.

సూరమ్మకి కొలతలు ఎంత బాగా గుర్తో, ఎవరు ఎప్పుడు ఏమన్నారో కూడా అంత బాగా గుర్తు. పెద్ద గాలివాన వచ్చిన ఏడాది ఒక ఆడ అలుగు దొప్ప నాకేసి, "ఉప్పు చిటికెడు తగ్గిందమ్మా" అనేసి వెళ్ళిపోయింది. ఆ మాటకి పన్నెండేళ్ళు. అప్పటి నుంచి ఒంటినిండా పొలుసులున్న అలుగు ఏది కనపడినా సూరమ్మ వీపు మీద ముళ్ళు లేచి నిలబడేవి.

కోన మధ్యలో ఒక ఏరు ఉంది. వానాకాలం వస్తే అవతలివాళ్ళు ఏరు దాటలేరు. ఉప్పిండి వాసన మాత్రం దాటుతుంది. నాలుగు నెలలు వాళ్ళు వాసనతోనే సరిపెట్టుకునేవాళ్ళు.

"మా వైపు కూడా ఒక పొయ్యి పెట్టమ్మా" అని ఏటా అడిగేవాళ్ళు.

సూరమ్మకి వయసు మీద పడింది. రెండు పొయ్యిల దగ్గర ఒకేసారి నిలబడలేదు. అందుకని ఒకరోజు అందరినీ పిలిచింది.

"నా ముల్లు ఒకటి ఇస్తాను. అవతల గుమ్మానికి కట్టుకోండి. ముల్లు ఉన్నచోట వండేది నా ఉప్పిండే అని అందరికీ తెలుస్తుంది. కాని ఊరికే ఇవ్వను" అంది.

ఆమెకి రాత రాదు. బండ మీద గోటితో గీతలు గీసి, ఒక్కో గీత మీద కాలు పెట్టి చెప్పింది.

"ముల్లుకి రెండు కుండల తేనె. నా దగ్గర ఇరవై రోజులు ఉండి పని నేర్చుకోవాలి, గిన్నెలు తోమడం దగ్గర నుంచి. పొయ్యి వెలిగించక ముందే మూడు నెలలకి సరిపడా సామలు గాదెలో ఉండాలి. కొత్త పొయ్యి దగ్గరికి మొదట్లో ఎవరూ రారు. వచ్చేదాకా నువ్వు బతకాలి, నీ పనివాళ్ళు బతకాలి. చోటు మీరే చూసుకోండి. కాని ఏడు రోజులు అక్కడ కూర్చుని చూడాలి. ఇక చివరిది. రోజూ కుండలోంచి తీసిన మొదటి దొప్ప నాకు పంపాలి. నేను తిని చూస్తాను."

ఇన్ని షరతులు వినేసరికి చాలామంది మెల్లగా జారుకున్నారు. ఇద్దరే మిగిలారు.

మొదటివాడు కొండముచ్చు రంగబాబు. పది రోజుల తర్వాత తోక పైకెత్తి వచ్చి సూరమ్మ ముందు రెండుకి బదులు నాలుగు కుండల తేనె పెట్టాడు.

"పెద్దమ్మగారూ, మీ చేతి వంటకి సాటి ఏది? చోటు కూడా చూశాను. రెండు కొండల మధ్య గండి. ఏడు రోజులు చెట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. రోజుకి మూడు వందల మంది వెళ్తున్నారు" అన్నాడు.

"మరి ఇరవై రోజుల పని?"

"పనివాళ్ళని పెట్టుకుంటాను కదండీ. నేను గిన్నెలు తోమితే మీ ముల్లుకే చిన్నతనం."

సూరమ్మకి ఆ మాట తీయగా ఉంది. తేనె ఇంకా తీయగా ఉంది.

రెండో ఆమె సింగారి. అలుగు. పన్నెండేళ్ళ కిందట ఉప్పు తగ్గిందన్న అలుగుకి సొంత కూతురు. చూడగానే సూరమ్మ ముళ్ళు గలగలమన్నాయి.

"అత్తా, నా దగ్గర ఒక్క కుండ తేనే ఉంది. రెండో కుండకి బదులు ఇంకో ఇరవై రోజులు పని చేస్తాను" అంది సింగారి.

"మీ అమ్మ నాలుక ఎలా ఉందే? ఇంకా ఉప్పు వెతుక్కుంటోందా?"

సింగారి తల వంచుకుంది. తర్వాత మెల్లగా అంది. "అత్తా, ఆ గండి మంచి చోటు కాదు. నేను నేల చూస్తూ నడుస్తాను కదా. అక్కడ అన్నీ వేళ్ళ గుర్తులే. మడమ గుర్తు ఒక్కటీ లేదు."

"వేళ్ళకి ఆకలెయ్యదా ఏంటి? నిన్నెవరడిగారు?" అని సూరమ్మ తన వీపు మీది ముల్లు పీకి రంగబాబు చేతిలో పెట్టింది.

సింగారి వెళ్ళిపోలేదు. మూల నిలబడింది. ఆ సరికి తోమాల్సిన కుండలు పేరుకుపోయి ఉన్నాయి.

"ఉండాలనుంటే ఉండు. నాకేం" అంది సూరమ్మ. సింగారి ఉండిపోయింది.

రోజూ సూరమ్మ ఆమెని ఏదో ఒకటి అనేది. సామలు చెరిగితే ఇంకోసారి చెరగమనేది. "కుండకి మూడు చిటికెళ్ళ ఉప్పు. నాలుగోది వేశావంటే చెయ్యి విరుస్తాను" అనేది. సింగారి మూడే వేసేది. నలభై రోజులు అలా గడిచాయి. ముల్లు పొడిగా వచ్చిందో తడిగా వచ్చిందో చూడకుండానే, కుండ ఉడికే చప్పుడు విని చెప్పగలిగేంత పని వచ్చింది ఆమెకి.

అవతల రంగబాబు గండిలో పెద్ద పందిరి వేశాడు. పూలతీగలు పాకించాడు. కూర్చోవడానికి నున్నటి రాళ్ళు వేశాడు. పిల్లలకి ఊయల కూడా కట్టాడు. వీటికే ఉన్నదంతా అయిపోయింది. గాదెలో సామలు పది రోజులకి మించి లేవు.

పొయ్యి వెలిగించిన రోజు మూడు వందల మంది వచ్చారు. మూడు వందల మందీ పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయారు.

"దుప్పిగారూ, వేడిగా ఉంది, రండి" అని రంగబాబు పిలిచాడు.

"తర్వాత, తర్వాత" అని దుప్పి దూకి వెళ్ళిపోయింది.

ఒక కుందేలు దొప్ప అందుకుంది గాని పరుగులో ఉప్పిండంతా దాని చెవుల్లో పడింది.

ఉప్పిండి మిగిలిపోయింది. మర్నాడు దాన్నే వేడిచేసి పెట్టారు. సామలు అయిపోవస్తున్నాయని నీళ్ళు ఎక్కువ పోశారు. మొదటి దొప్ప పంపడం మూడో రోజుకే మానేశారు. తేనె తీపిలో ఉన్న సూరమ్మ కూడా అడగలేదు. కొన్నాళ్ళకి సూరమ్మ వరసలోనే ఒక ముంగిస అంది. "సూరమ్మ ఉప్పిండి పులిసిపోయిందట. ఏటవతల అందరూ అనుకుంటున్నారు."

సూరమ్మ ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. జన్మలో ఎవరూ తన వంట పులిసిందని అనలేదు. కుండ దించేసి ఏరు దాటింది. సింగారి వెనకే వెళ్ళింది.

గండిలో నిలబడి రంగబాబుని ఒక పూట తిట్టాలని సూరమ్మ ఉద్దేశం. "ఒరే రంగబాబూ" అని మొదలు కూడా పెట్టింది. అంతలో పై నుంచి గాలి వీచింది. ఆ గాలిలో పులి వాసన ఉంది. గండి పైనే పులి గుహ. తిట్టడానికి వచ్చిన సూరమ్మ మిగతా తిట్లు మింగేసి, అందరితో పాటు పరుగెత్తింది.

గండి దాటింది. కొండ మలుపు తిరిగింది. పులి వాసన పోయిన చాలాసేపటికి ఒక నీటి ఊట పక్కన, మద్దిచెట్టు కింద ఆగి రొప్పింది. చుట్టూ దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, అందరూ నిలబడి రొప్పుతున్నారు.

"పరుగెత్తితే ఎంత ఆకలేస్తుందో" అంది ఒక దుప్పి.

సూరమ్మ కడుపు కూడా అదే మాట అంటోంది. ఆమె నేల వైపు చూసింది. నిండా మడమ గుర్తులు, కాళ్ళు ఆన్చి నిలబడినవాళ్ళవి.

"ఇక్కడెందుకు ఆగానే నేను?" అంది.

"అందరూ ఇక్కడే ఆగుతారత్తా. నేను ఏడు రోజులు చూశాను" అంది సింగారి.

రంగబాబు కొమ్మల మీదుగా వచ్చాడు. కొమ్మల మీద తిరిగేవాడికి నేల మీద పులి భయం ఎలా తెలుస్తుంది? పై నుంచి వీపులు లెక్కపెట్టాడు. ఎందుకు పరుగెత్తుతున్నారని ఒక్కరినీ అడగలేదు.

"ముల్లు ఇటివ్వు" అంది సూరమ్మ.

"మరి నా నాలుగు కుండల తేనె?"

"నా పేరు ఉన్నది ఉన్నట్టు తిరిగి తెచ్చివ్వు. తేనె ఇస్తాను."

రంగబాబు ముల్లు ఇచ్చేశాడు. ఆ ముల్లు సూరమ్మ సింగారి చేతిలో పెట్టింది. పెట్టేటప్పుడు మొహం మాత్రం పక్కకి తిప్పుకుంది.

సింగారి పందిరి వెయ్యలేదు. మద్దిచెట్టు నీడే చాలనుకుంది. పందిరికి పెట్టేదంతా సామలకి పెట్టింది. గాదె నిండాకే పొయ్యి వెలిగించింది. మొదటి వారం కొద్దిమందే తిన్నారు. పులిసిన సంగతి జనం ఇంకా మర్చిపోలేదు. గాదె నిండుగా ఉంది కాబట్టి సింగారి గాభరాపడలేదు, నీళ్ళు ఎక్కువ పొయ్యలేదు. నెల తిరిగేసరికి వరస ఊట చుట్టూ రెండు చుట్లు తిరిగింది. రంగబాబు కూడా వచ్చి ఆ వరసలో నిలబడ్డాడు. రెండో రోజు, గిన్నెలు తోమే పని ఉందా అని అడిగాడు. గండిలో అతను కట్టిన ఊయలలో ఇప్పుడు పులికూనలు ఊగుతున్నాయి.

వానలు పడి ఏరు నిండింది. అయినా మొదటి దొప్ప ఆగలేదు. నీటికుక్క ఒకటి దాన్ని తల మీద పెట్టుకుని ఈది తెచ్చేది.

సూరమ్మ ఏటి ఒడ్డున చల్లగాలిలో కూర్చుని తినేది. అన్నాళ్ళూ ఆమె పొయ్యి పొగలో నిలబడి తన వంట తానే రుచి చూసుకునేది. ఇంకొకరు వండి పంపిన దొప్ప ఇలా తీరిగ్గా తినడం ఇదే మొదలు. మూడు రోజులు తప్పు వెతికింది. నాలుగో రోజు దొరికింది.

"ఎన్ని చిటికెళ్ళ ఉప్పు వేసిందో అడిగి రా" అంది.

నీటికుక్క వెళ్ళి వచ్చింది. "మూడే అట. మీరు చెప్పినట్టేనట."

సూరమ్మ దొప్ప అడుగున మిగిలింది మళ్ళీ ఒకసారి నాకి చూసింది.

"రేపటి నుంచి నాలుగు వెయ్యమను" అంది చివరికి. "నేనూ నాలుగే వేస్తాను. ఇంకో మాట. ఏరు తగ్గాక వాళ్ళమ్మని ఒకసారి భోజనానికి తీసుకురమ్మను."

నీతి: పందిరి గొప్పగా ఉన్నంత మాత్రాన వ్యాపారం నిలవదు. పని నేర్చుకుని, నేల చూసి, గాదె నింపుకుని మొదలుపెట్టినవాళ్ళే నిలుస్తారు. పేరు ఇచ్చే పెద్దవాళ్ళు కూడా పాత కోపాలు పక్కన పెట్టి మనిషి పనిని చూడాలి.