మూడోసారి చదివినప్పుడు

రోగుల కోసం దాచిన కుండలో నెయ్యి తరిగిపోతోంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ విహారంలో కొన్నాళ్లుగా ఇదే గుసగుస. భిక్షువులు ఒకరి చేతుల వంక ఒకరు చూసుకుంటున్నారు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

సభలో తేలని తగవును ఐదుగురికి అప్పగించడం అక్కడి ఆచారం. వాళ్లు విచారించి తేల్చినదాన్ని నిండుసభలో మూడుసార్లు చదవాలి. ఒప్పుకోనివాళ్లు మాట్లాడాలి. మూడోసారి కూడా ఎవరూ నోరు మెదపకపోతే అదే సంఘం మాట.

ఈసారి ఆ ఐదుగురిలో సోణకుడికి చోటు దక్కింది. పొద్దున తలుపు వేసుకున్నారు, భోజనం గంట కొట్టకముందే తీసేశారు. సోణకుడు గురువు రేవత స్థవిరుడి దగ్గరికి పరుగెత్తాడు.

"తేల్చేశాం భంతే. ఉత్తియుడే దొంగ. విహారం నుంచి పంపేయాలి. ఐదుగురిదీ ఒకటే మాట."

గురువు కళ్లు చిట్లించాడు. "ఒక్కరూ అడ్డు చెప్పలేదూ?"

"ఎందుకు చెబుతారు? సభలో నెయ్యి మాటెత్తగానే వాడు తల దించుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!"

"లోపలికి పిలిచి అడిగారా?"

"దొంగనడిగితే నిజం చెబుతాడా?"

"సభలో నువ్వే చదువు నాయనా. ఉత్తియుడి పేరున్న చోట నీ పేరు పెట్టు. ఎందుకో ఎవరికీ చెప్పకు."

సోణకుడు నవ్వుకున్నాడు. మొదటిసారికే సభంతా లేచి కాదంటుందని వాడి ధీమా. సభలో నిలబడి చదివాడు:

"రోగుల నెయ్యి తీసినందుకు సోణకుణ్ణి విహారం నుంచి పంపేయాలి. ఒప్పుకోనివారు మాట్లాడండి."

ఎవరూ మాట్లాడలేదు. తనతో గదిలో కూర్చున్న నలుగురూ ఉలిక్కిపడి రేవతుడి వైపు చూశారు. పెద్దాయన కదల్లేదు. ఏదో కొత్త సంగతి బయటపడే ఉంటుందనుకుని వాళ్లూ ఊరుకున్నారు.

రెండోసారి చదివాడు.

"నాకు ముందునుంచీ అనుమానమే," అన్నారెవరో వెనకనుంచి. "వాడి చేతులెప్పుడూ జిడ్డుగానే ఉంటాయి."

సోణకుడు తనకు తెలియకుండానే చేతులు చూసుకున్నాడు.

"అదిగో, తల దించేశాడు!"

వాడికి భయం వేసింది. ఇంకొక్కసారి చదివితే తను ఈ గడప దాటాల్సిందే. గురువు వైపు చూశాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. మూడోసారి చదివాడు.

తలుపు దగ్గర, అప్పటికే మూట కట్టుకుని కూర్చున్న ఉత్తియుడు లేచాడు.

"నేనొప్పుకోను భంతే. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు."

సోణకుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నెయ్యి ఎవరు తీశారో అప్పటికీ ఎవరికీ తెలియదు. వాడు తిన్నగా వెళ్లి ఉత్తియుడి మూట అందుకుని, అతన్ని ఐదుగురి గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. మిగతా నలుగురూ వెనకే వచ్చారు.

రేవతుడు బయటనుంచి తలుపు దగ్గరగా వేస్తూ అన్నాడు:

"భోజనం గంటకి లేవక్కర్లేదు."