గీతలు పోయేదాకా

ముత్తాతల నాటి ఒక చిన్న సంస్థానం. దొరగారి నల్లకారు తలుపు మీద నాలుగు గోటిగీతలు. ఎంత మెరుగుపెట్టినా వారం తిరక్కుండా మళ్ళీ తేలేవి. ఇద్దరు పనివాళ్ళకి దొర చేతులు విరగ్గొట్టించాడు. మూడోవాడు బుడేసాయిబు.

అతను గీతల మీద గోరు ఆనించాడు. గోరు ఎక్కడా తగలకుండా నున్నగా జారిపోయింది. గీతలు నలుపు మీద లేవు, నలుపు కింద ఉన్నాయి! బుడేసాయిబుకి పాతమాట గుర్తొచ్చింది. ఏడాది కిందట తలారి ఓబన్నని దొర ఎర్రకారు ఈడ్చుకుపోయి చంపిందని అతని పెళ్ళాం మొత్తుకుంటే, "నా కారు పుట్టు నలుపు" అని దొర ప్రమాణం చేశాడు.

"దొరా, నీడలో గీతలు కంటికి సరిగా ఆనవు. కారుని సంతలో, ఎండలో పెట్టించండి."

"ఎక్కడైనా పెట్టుకో. గీతలు పోకముందు చెయ్యి ఆపావో, ఆ చెయ్యుండదు!"

సంతంతా చుట్టూ మూగింది. బుడేసాయిబు రుద్దాడు. మధ్యాహ్నానికి నలుపు పలచబడి, నాలుగు గీతలూ ఎర్రగా పైకొచ్చాయి. తలుపు లోపల్నుంచి నెత్తురు ఊరుతున్నట్టు వాటి చుట్టూ ఎరుపు పాకింది. ఈసారి ఓబన్న పెళ్ళాం మొత్తుకోనక్కర్లేకపోయింది. సంతంతా, పని చూడ్డానికొచ్చిన దొర వైపు తిరిగింది.

"ఆపరా!" అని అరిచాడు దొర.

"ఎలా ఆపను దొరా? గీతలింకా పోలేదు," అంటూ బుడేసాయిబు రుద్దుతూనే ఉన్నాడు.