తొమ్మిదో చప్పుడు

మస్తాన్ డాక్టరు గారికి ఒక అలవాటు ఉండేది. ఎంత నొప్పితో వచ్చినవారినైనా ముందు నోరు తెరవమనేవారు కాదు, మూసుకోమనేవారు. ఎదురుగా పీట వేసుకుని ఆ మూసిన నోటిని కాసేపు చూసేవారు. పళ్ళ డాక్టరు నోరు మూయించడమేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేను ఆయన దగ్గర కట్టుడు పళ్ళూ అచ్చులూ చేసే పనిలో పదహారేళ్ళు ఉన్నాను. మొదటి ఏడాది నేనూ నవ్వాను.

మాది నల్లరాయి క్వారీల ఊరు. గాలిలో రాతిపొడి, నీళ్ళలో రాతిపొడి, అన్నంలో సరేసరి. ముప్పై దాటినవాళ్ళ పళ్ళు అరగకుండా ఉంటే అదీ వింత. చదువు ముగించి ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన హైమవతికి అక్కడే చిక్కు వచ్చింది. ఒకనాటి సాయంత్రం ఆమె గురువుగారిని అడిగింది.

"సార్, అరిగిన తీరుని బట్టి కారణం చెప్పొచ్చంటారు. ఊరంతా ఒకేలా అరిగితే, ఇది దుమ్ము వల్ల, ఇది ఇంకోదాని వల్ల అని ఎలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్న వెనక అంకమ్మ ఉంది. అంకమ్మ మొగుడు గురవయ్య క్వారీలో రాతికి మందు పెట్టి పేల్చే పనివాడు. కుడి దవడ నొప్పి అనీ, పళ్ళు కుదురుగా పడటం లేదనీ ఆమె వారం కిందట వచ్చింది. ఆ రోజు డాక్టరు గారు ఊళ్ళో లేరు. హైమవతి పళ్ళ మధ్య, తగిలినచోట రంగు అంటే నీలి కాగితం పెట్టి కొరకమంది. కుడివైపు కింది దవడ పన్ను మీద మచ్చ ముదురుగా పడింది. మచ్చ ముదురుగా ఉంటే పన్ను ఎత్తుగా ఉన్నట్టేనని, మర తీసుకుని దాన్ని కాస్త అరగదీసింది. మా పనిలో కొత్తవాళ్ళందరూ చేసే తప్పే అది. నొప్పి తగ్గలేదు సరికదా, ఆ పంటికి చన్నీళ్ళు తగిలితే జివ్వుమనడం మొదలైంది. ప్రశ్న అడిగిన రోజు ఉదయం అంకమ్మ మళ్ళీ వస్తే, హైమవతి ఈసారి పై పన్ను అరగదీద్దామని మర చేతిలోకి తీసుకుంది. మస్తాన్ గారు వచ్చి మర ఆపేశారు. అరగదీసిన పన్ను మళ్ళీ మొలవదు. ఆ సంగతి హైమవతికి అప్పుడు ఒంట్లోకి దిగింది.

డాక్టరు గారు, ఆ పన్ను అరగదీయక ముందే తీసి ఉంచిన అంకమ్మ పళ్ళ అచ్చులు తెమ్మని నాతో అన్నారు. సుద్దతో చేసిన ఆ పైవరసనూ కిందివరసనూ హైమవతి చేతిలో పెట్టి, కనిపించింది చెప్పమన్నారు. ఆమె ఒక్కొక్కటే తిప్పి చూసి చెప్పింది. దవడ పళ్ళ మీద అరుగు మసకగా, అంతటా ఉంది, అది దుమ్ము. పంటి మొదట్లో గొడ్డలి గాటు లాంటిది లేదు. బ్రష్షుతో గట్టిగా రుద్దే అలవాటు లేదన్నమాట. చిన్న గిన్నెల్లాంటి గుంటలు లేవు. పులుపు తినడమో, వాంతులో కావు. ఇక మిగిలినవి రెండే: కుడి పై కోరపంటి మీద ఒక చదును మచ్చ, దాని కింది పంటి మీద అలాంటిదే ఇంకొకటి. రెండూ అద్దంలా నున్నగా ఉన్నాయి.

"జత ఉన్న అరుగు దుమ్ముది కాదు. కలిపి చూడు," అన్నారాయన.

హైమవతి పైవరసను కిందివరస మీద కూర్చోబెట్టింది. మిగతా పళ్ళన్నీ కలిశాయి గాని, ఆ రెండు నున్నటి మచ్చలూ కలవలేదు. మధ్యలో బియ్యపుగింజ దూరేంత ఎడం ఉంది. ఇవి అసలు తగలడమే లేదు, ఎలా అరిగాయని ఆమె అడిగింది. ఎప్పుడో తగులుతున్నాయి, ఎప్పుడన్నది చూడాలి అని, ఆయన నన్ను అంకమ్మకు ఫోను చేయమన్నారు. మర్నాడు పన్నెండున్నరకు రమ్మనాలట. ఎప్పుడు వచ్చినా ఒంటిగంటకు ఇంట్లో ఉండాలంటూ ఆమె పన్నెండింటికే లేచి వెళ్ళిపోతుందని ఆయనకు తెలుసు. తెలిసే ఆ వేళ పెట్టారు. కావాలనే ఆమెను ఆ వేళకు ఆపుతున్నారని అప్పుడే నాకు ఆయన మీద కోపం వచ్చింది.

అంకమ్మ ఇష్టం లేకుండానే వచ్చింది. కుర్చీ అంచు మీద కూర్చుని గడియారం వైపే చూస్తోంది. ఇంత తొందర ఎందుకని హైమవతి మెల్లగా అడిగింది.

"ఒంటిగంటకి పేలుస్తారమ్మా. ఎన్ని కన్నాలకి మందు పెట్టేదీ పొద్దున్నే చెప్పిపోతాడు. నేను చప్పుళ్ళు లెక్కేసుకుంటా. ఒకటి తగ్గిందంటే, పేలని కన్నం దగ్గరికి ఆయనే పోయి చూడాల."

ఇవాళ ఎన్ని అని హైమవతి అడిగితే, తొమ్మిది అంది.

సైరన్ కూసింది. అంకమ్మ మాట ఆగిపోయింది. కింది దవడ మెల్లగా కుడిపక్కకు జరిగి అక్కడే బిగుసుకుంది. పెదవులు కాస్త విడి ఉన్నాయి కాబట్టి మా ముగ్గురికీ కనిపించింది: పై కోరపన్ను కింది పంటి మీద గొళ్ళెం పడినట్టు కూర్చుంది. నా చేతిలో ఉన్న అచ్చులను నేనూ అలాగే జరిపి చూశాను. రెండు నున్నటి మచ్చలూ ఎడం లేకుండా ఒకదానిమీదొకటి వాలాయి. వెంట్రుక కూడా దూరదు.

మొదటి చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరాయి. ఒక్కో చప్పుడుకూ ఆమె దవడ కండ ఎగిరిపడుతోంది. నాకు తెలియకుండానే నేనూ లెక్కపెట్టాను. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది.

తొమ్మిదోది రాలేదు.

పేలని కన్నం దగ్గరికి అరగంట దాకా ఎవరూ పోకూడదన్నది క్వారీ నియమం. కానీ రాయి ఎత్తే లారీలు వరసగా నిలబడి ఉంటాయి, మేస్త్రీలు కేకలేస్తుంటారు. అరగంట ఎంతమంది ఆగుతారో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. అంకమ్మ ఏడవలేదు. పళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది. తిరగలిలో గింజలు అయిపోయాక వచ్చే చప్పుడది. హైమవతి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంత చేసి నేర్పే పాఠం అక్కర్లేదని నేను డాక్టరు గారి ముఖంలోకి చూశాను. ఆయన ముఖం నాకంటే పాలిపోయి ఉంది. ఇలా అవుతుందని ఆయనా అనుకోలేదు.

ఇరవై నిమిషాలకు తొమ్మిదో చప్పుడు వినిపించింది.

"అరగంట కాలా," అంది అంకమ్మ. దవడ కదలకుండా వచ్చిన మాట అది.

గురవయ్య ఆగాడో, ముందే పోయాడో. మందు ఉన్నచోట ఫోను ఉండకూడదు, షెడ్డులో పెట్టి పోతారు. నేను గురవయ్య నంబరుకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నంబరు ఒకసారి తప్పు నొక్కాను. బయట రోడ్డు మీద అంబులెన్స్ వెళ్తుందేమోనని చెవి అటే పెట్టాను. పదిహేను నిమిషాలు అలా గడిచాయి. వాటిని ఇప్పటికీ నేను తలుచుకోను.

చివరికి అంకమ్మ ఒడిలో ఉన్న ఆమె ఫోనే మోగింది. అవతల గురవయ్య గొంతు మామూలుగానే ఉంది. వత్తి చెమ్మగిలి ఆలస్యంగా అందుకుందట. తను బండ చాటునే ఉన్నాడట. అన్నం పెట్టి ఉంచమన్నాడు. ఆమె "ఊఁ" అని మాత్రం అంది. ఫోను పెట్టేశాక దవడ తనంతట తానే మధ్యకు వచ్చింది. కుడి చెంపను అరచేత్తో అదుముకుని అప్పుడు ఏడ్చింది.

కాసేపయ్యాక డాక్టరు గారు ఆమెను సరేనా అని అడిగి, ఇప్పుడు నీలి కాగితం పెట్టమని హైమవతికి చెప్పారు. అంకమ్మ కొరికింది. మచ్చలు రెండువైపులా సమంగా పడ్డాయి, వారం కిందట అరగదీసిన పంటి మీద తప్ప. అక్కడ నీలం అంటనే లేదు. హైమవతి ఆ తెల్లటి చోటు వంక చాలాసేపు చూసింది. తర్వాత అంకమ్మ ఎదుట కూర్చుని, ఆ పన్ను తాను అనవసరంగా అరగదీశానని, దాన్ని మళ్ళీ పళ్ళ సిమెంటుతో పూడుస్తానని, తప్పు తనదేనని చెప్పింది. తప్పు ఒప్పుకున్న డాక్టరును మా గదిలో అంకమ్మ అదే మొదటిసారి చూసిందేమో, ఎందుకో ఆమే హైమవతి భుజం తట్టింది.

పళ్ళు ఒకదానికొకటి రాసుకోకుండా పెట్టుకునే మెత్తటి తొడుగు చేయమని నాకు చెప్పి, హైమవతి చీటీ రాసింది. పుస్తకంలో ఉన్నట్టే రాసింది: రాత్రి పడుకునే ముందు పెట్టుకోవాలి. మస్తాన్ గారు ఆ చీటీ తీసుకుని, "రాత్రి" అన్న మాట కొట్టేసి, పైన "మధ్యాహ్నం పన్నెండున్నరకు" అని రాశారు.

సాధారణంగా ఇవి రాత్రి నిద్రలోనే కదా సార్, అంది హైమవతి.

ఆయన కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"రాత్రి ఎందుకమ్మా," అన్నారు. "అప్పుడు గురవయ్య ఇంట్లోనే ఉంటాడుగా."