పుణ్యకేతు మహారాజు మానిన పిలుపు

పూర్వం త్రేతాయుగంలో మణిమంతపురాన్ని ఏలుతూ, శత్రుభయంకరుడనీ అతిథిప్రియుడనీ పేరుగన్న పుణ్యకేతు మహారాజు, తన ఏకైక సోదరుడైన ఇందుధ్వజుణ్ణి తానే సేనాపతిగా నియమించి, తానే వీరతిలకం దిద్ది యుద్ధానికి పంపి, పదకొండవ నాడు అతడి కిరీటాన్ని మాత్రమే తిరిగి అందుకున్నాడు.

ఆ వంశంలో ఒక ఆచారముండేది. రాజు భోజనానికి ముందు సింహద్వారం దగ్గర నిలిచి, ఆకలిగొన్నవారెవరైనా ఉన్నారా అని ముమ్మారు పిలిచి, వచ్చినవారికి వడ్డించాకే తాను తినాలి. ఇందుధ్వజుడు బతికున్నన్నాళ్లూ అందరికంటే ముందు తానే, "ఇక్కడొకడున్నాడు, అన్నా" అని నవ్వుతూ పలికేవాడు. అతడు పోయాక రాజు ఆ పిలుపు మానేశాడు. ఏ నోటితో పిలుస్తాడు పాపం!

పిలుపు మానాడే గాని తిండి మానలేదు. సరిహద్దు నుంచి కబురొచ్చినా, మంత్రులు చిక్కు తగవు విన్నవించినా గుండె బరువెక్కి, సభ మధ్యలోనే లేచి వంటశాలకు నడిచి, పాయసమూ నేతిగారెలూ రుచి తెలియకుండా మింగి, వెంటనే సిగ్గుతో కుమిలి, ఆ సిగ్గును మరవడానికి మళ్లీ తినేవాడు. వంటవాళ్లు చూస్తూ తలలు దించుకునేవారు.

అలా ఉండగా, శుష్కపర్ణుడనే మహర్షి పన్నెండు దినాల ఉపవాసం ముగించి, గృహస్థు పిలవనిదే అన్నం ముట్టని నియమంతో వచ్చి ఆ ద్వారం దగ్గర కూర్చున్నాడు. పిలుపు రాలేదు. మూడవ నాటికి సొమ్మసిల్లాడు. ద్వారపాలకుడు వంటశాలకు పరుగెత్తుకొచ్చి, ముని ప్రాణాలు కొసకు వచ్చాయని విన్నవించగా, రాజు చేతిలోని గారె జారిపోయింది.

పరుగున వెళ్లి గడపలో నిలిచాడు. మొదటి పిలుపు గొంతు దాటలేదు. రెండవది వణికింది. మూడవసారి పిలిచి, అలవాటు కొద్దీ తమ్ముడి బదులు కోసం చెవియొగ్గి, అది రాకపోవడంతో, అతడి కిరీటం అందుకున్న నాడు కూడా ఏడవనివాడు గడప మీదే కూలబడి ఏడ్చాడు.

"నేనున్నాను, రాజా" అని నేల మీది నుంచి ముని పలికాడు.

రాజు గంజి కాయించి తన చేత్తో తాగించాడు. నువ్వూ తినవేమని ముని అడిగితే, ఆకలిగా లేదన్నాడు. ఆ మాటకు తానే ఆశ్చర్యపోయాడు.

"ఇన్నాళ్లూ లేదు నాయనా. ఏడవవలసిన నోటికి అన్నం పెడుతూ వచ్చావు. ఇకమీద చెయ్యి కంచం మీదికి పోయినప్పుడల్లా ఈ పిలుపే నీ లోపలికీ పిలువు. కడుపు పలికితే తిను. దుఃఖం పలికితే కాసేపు దాని దగ్గర కూర్చో."

"మునీంద్రా, ఈ దుఃఖాన్ని తీసివేయండి."

"అది నీ తమ్ముడికి దక్కవలసిన వాటా. దాన్ని తీసే వరం నా దగ్గర లేదు. నీ పిలుపుకు మాత్రం ఏనాడూ బదులు లేకుండా పోదు" అని వరమిచ్చి తపోధనుడు వెళ్లిపోయాడు.

నాటి నుంచి ఆచారం తిరిగి నిలిచింది. ఒక్కొక్క రోజు సభలో గుండె బిగుసుకుంటే రాజు వంటశాల దాకా వెళ్లి, తనలోకి పిలిచి చూసుకుని, వట్టి చేతులతో మరలి తమ్ముడి ఆయుధశాలలో కూర్చునేవాడు. కొన్నిసార్లు ఓడిపోయి తినేసేవాడు కూడా. ద్వారం దగ్గర బాటసారులూ వృద్ధులూ అనాథలూ ఎన్నో గొంతులతో పలికేవారు. ఆ ఒక్క గొంతు పలకదని తెలిసినా, మూడవ పిలుపు తరువాత రాజు ఒక్క క్షణం ఎక్కువగా నిలిచి, అందరికీ వడ్డించి, ఆకలి మేరకు తినేవాడు.