జస్ట్ ఫైవ్ మినిట్స్‌లో పెళ్ళి

ఊరంతటా తెలివికి కరువొచ్చినా మా ఇంట్లో మాత్రం గాదె నిండా ఉంటుందని చింతగుంటపాలెం గవరయ్య అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చెబుతుండేవాడు. తమ్ముళ్ళు బుల్లెబ్బాయి, తాతబ్బాయి అవునవునని తలూపేవారు. ఎవరైనా ‘పొద్దు వాలాక వస్తా’ అంటే వీళ్ళు నమ్మరు. అదే ఇంగ్లీషులో టైము చెబితే గోడ గడియారం కింద నిలబడి కాపలా కాస్తారు. ఇంగ్లీషులో అబద్ధమాడటానికి ఎవరికైనా నోరెలా వస్తుందని వాళ్ళ నమ్మకం.

ఆ ఇంట్లో దిగులల్లా ఒక్కటే. తాతబ్బాయికి నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. చివరికి పక్క ఊరి పేరయ్య, తన కూతురు వరాలుని ఇద్దామని, ఇల్లూవాకిలీ చూడ్డానికి బయల్దేరాడు. దారిలోంచి ఫోన్ చేశాడు.

"జస్ట్ ఫైవ్ మినిట్స్‌లో మీ ఇంట్లో ఉంటానండి."

ఇంకేముంది, ముగ్గురూ గడియారం కింద చేరారు. ఐదు నిమిషాలూ అయిపోయాయి. పేరయ్య జాడ లేదు.

"మాట ప్రకారం ఆయన ఇంట్లోనే ఉండుండాలిరా. మనకే కనపడట్లేదు," అన్నాడు గవరయ్య.

అంతే, మంచాలు తిరగేశారు. అటక మీది కుండలు దింపారు. తాతబ్బాయి గాదెలోకి తలకిందులుగా దిగాడు. గంట పోయాక పేరయ్య వచ్చేసరికి పెళ్ళికొడుకువి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఏంటండి వెతుకుతున్నారు?" అన్నాడు పేరయ్య.

"పేరయ్యగారినండి. ఇంట్లోనే ఉన్నారు, దొరకట్లేదు. మీరూ ఓ చెయ్యి వేద్దురూ," అన్నాడు గవరయ్య.

"పేరయ్యని నేనేనండి బాబూ."

"మీరు బయట్నుంచి వచ్చారు కదండీ," అన్నాడు బుల్లెబ్బాయి అనుమానంగా.

ఎలాగో నమ్మించి పేరయ్య కుర్చీలో కూలబడ్డాడు. "వన్ మినిట్ కూర్చుని వెళ్ళిపోతానండి," అన్నాడు మర్యాదకి. నిమిషం కాగానే తమ్ముళ్ళిద్దరూ చెరోవైపు చేరి కుర్చీ లాగేశారు. నడుం పట్టుకుని నేలమీద కూర్చున్న పేరయ్యని గవరయ్య ఓదార్చాడు. "మాట తప్పిన దోషం మీకెందుకండి."

ఈ సంబంధం గోవిందా అని పేరయ్య ఇంటికెళ్ళి చెబితే, వరాలు మాత్రం ఒప్పుకుంది. వస్తామని రాని పెళ్ళిచూపులవాళ్ళ కోసం ముస్తాబై కూర్చుని కూర్చుని ఆ పిల్ల విసిగిపోయింది. "నిమిషమంటే నిమిషమే అనుకునే మనిషి ఎక్కడ దొరుకుతాడు నాన్నా? తెలివి నాకుందిగా, ఇద్దరికీ సరిపెట్టుకుంటాం," అంది.

ముహూర్తం పెట్టుకున్నాక పేరయ్య నడుం రుద్దుకుంటూ గవరయ్యకి నాలుగు మంచి మాటలు చెప్పాడు. "బావగారూ, ఇంగ్లీషులో చెప్పే టైము టైము కాదండి, ఊరికే మాటవరస. ఫైవ్ మినిట్స్ అంటే గంట. ఆన్ ది వే అంటే ఇంట్లోనే చెప్పులు వెతుక్కుంటున్నామని. జస్ట్ నౌ బయల్దేరాం అంటే ఇంకా స్నానం చేస్తున్నామని." అన్నదమ్ములు ముగ్గురూ వల్లె వేసుకున్నారు. ఉన్న తెలివితో పడే పాట్లు చాలవన్నట్టు, ఇప్పుడు అరువు తెలివి కూడా వచ్చి చేరింది.

పెళ్ళిరోజు మగపెళ్ళివారి విడిది పందిరికి ఎదురిల్లే. పేరయ్య కంగారుగా ఫోన్ చేశాడు. "ముహూర్తానికి ఇంకా ఫైవ్ మినిట్సే ఉంది, ఎక్కడున్నారు బావగారూ?"

"ఆన్ ది వే బావగారూ," అన్నాడు గవరయ్య చిరునవ్వుతో.

"వెళ్దామా అన్నయ్యా? ఫైవ్ మినిట్సే అన్నారుగా," అన్నాడు తాతబ్బాయి బాసికం సర్దుకుంటూ.

"ఇంకా గంటుందిరా. ముందు ఆన్ ది వే అని మాటిచ్చాం, అది నిలబెట్టుకోవాలి." అంతే, ముగ్గురి చెప్పులూ గోడ అవతలకి విసిరేసి ఇల్లంతా వెతకడం మొదలెట్టారు.

తీరిగ్గా పందిట్లోకి వచ్చేసరికి పీటల మీద వరాలు ఒక్కతే కూర్చుని ఉంది. పంతులుగారు తల పట్టుకున్నారు. "ముహూర్తం జస్ట్ నౌ వెళ్ళిపోయింది కదయ్యా."

వరాలుకి ఏడుపొచ్చింది. ఒక్క మనిషి టైముకి వస్తాడనుకుంది, ఆ మనిషికీ తండ్రే పాఠం చెప్పి పెట్టాడు.

"ఊరుకో అమ్మా," అన్నాడు గవరయ్య. "జస్ట్ నౌ వెళ్ళిందంటే ఇంకా స్నానం చేస్తోందనే. మీ నాన్నే చెప్పాడు. ఒరేయ్ బుల్లెబ్బాయ్, నూతి దగ్గరికి తువ్వాలు పట్టుకెళ్ళు. ముహూర్తం ఒళ్ళు తుడుచుకోవాలి కదా."

బుల్లెబ్బాయి పరుగెత్తాడు. కాసేపటికి పొడి తువ్వాలుతోనే తిరిగొచ్చాడు.

"నూతి దగ్గర ఎవరూ లేరన్నయ్యా. గాదెలో చూడమంటావా?"