తొండ తల పైకీ కిందికీ

నాకు గొప్పలు చెప్పుకోవడం అస్సలు గిట్టదు. ఈ సంగతి ఎవరికీ తెలియకుండా పోతుందేమోనని నేనే ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చాను. కాబట్టి గర్వం గురించిన కథ చెప్పే అర్హత మా ఊళ్లో నాకొక్కడికే ఉంది. ఇది బడిలో నేర్చింది కాదు. పని ఎగ్గొట్టి, కంచె పక్కన కూర్చుని నేర్చింది. వినండి.

ఒకప్పుడు తొండ తల ఊపేది కాదు. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండేది.

ఆ రోజుల్లో ఒక కందిచేను చుట్టూ రేగుకంపతో వేసిన కంచె ఉండేది. ఆ కంచెలో అన్నిటికంటే ఎత్తైన గుంజ గరుకన్న అనే తొండది. పొద్దున్నే గుంజ ఎక్కి, రొమ్ము విరిచి, తల ఆకాశానికి ఎత్తి కూర్చునేవాడు. ఆ కంచె తన వల్లే నిలబడిందని అతని నమ్మకం. గాలికి కంప కదిలితే చాలు, "భయపడకండి, నేనున్నాను!" అని అరిచేవాడు.

ఎవరూ భయపడలేదు. అయినా అరిచేవాడు.

అప్పట్లో తొండల ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. ఇంటి మగవాడు తల వంచి తినకూడదు. నోటి ఎత్తున ఎగిరే ఈగనో దోమనో పట్టుకుని తినాలి. నేల మీద పాకేదాన్ని ముట్టుకుంటే వంశానికి తలవంపు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఈ పట్టింపు లేదు. ఆచారం పెట్టిందీ మగవాళ్లే, ఆకలికి మాడిందీ మగవాళ్లే. లోకంలో ఇదొక్కటీ న్యాయంగా జరిగింది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఈగలు లేవు, దోమలు లేవు. చీమలు మాత్రం గుంజ కిందనుంచి బారులు కట్టి పోతున్నాయి.

గరుకన్న పెళ్లాం పొడలమ్మ కిందనుంచి పిలిచింది.

"ఏమయ్యో! నీ డొక్కలు ఇక్కడికి కనబడుతున్నాయి. దిగిరా. చీమలు పెళ్లి ఊరేగింపులా పోతున్నాయి."

"మా తాత తల వంచలేదు. మా నాన్న తల వంచలేదు."

"అందుకే ఇద్దరి మొహాలూ నేను చూడలేదు. నేను కాపురానికి వచ్చేసరికే ఆకలికి పోయారు!"

వాళ్ల పిల్ల చిట్టితోక చీమను నములుతూ అంది: "నాన్నా, నువ్వు నిన్నటికంటే సన్నబడ్డావు. రేపు కనబడతావా?"

గరుకన్నకి గుండె కలుక్కుమంది. తల మాత్రం దించలేదు. మధ్యాహ్నానికి కళ్లు తిరిగి, గుంజ మీదనుంచి దబ్బున కింద పడ్డాడు.

"పడలేదు, దిగాను," అన్నాడు, ఎవరూ అడగకముందే.

పడ్డది ఒక రోకలిబండ తాత పక్కన. రోకలిబండ అంటే తెలుసుగా? బోలెడు కాళ్లతో పాకుతుంది, తాకితే చుట్ట చుట్టుకుంటుంది. ఆ తాత అప్పటికే చుట్టుకుపోయి లోపలినుంచి అడిగాడు:

"ఎవరది?"

"ఈ కంచెను మోసేవాణ్ని."

"నువ్వు కింద ఉన్నావు, కంచె పైనే ఉంది. మరి ఇప్పుడెవరు మోస్తున్నారు నాయనా?"

గరుకన్న పైకి చూశాడు. కంచె నిలబడే ఉంది. కూలిపోలేదని సంతోషించాలో, కూలిపోనందుకు ఏడవాలో అతనికి తెలియలేదు.

తాత మెల్లగా విప్పుకున్నాడు. "చూడు నాయనా, 'నేను, నేను' అనేదాన్ని వదిలెయ్. ప్రాణం హాయిగా ఉంటుంది. నన్ను చూడు. పగ లేదు, పంతం లేదు. కానీ ఒక్క మాట..."

"ఎంత బాగా చెప్పావు తాతా!" అని గరుకన్న ఆనందం పట్టలేక తాత వీపు తట్టాడు.

అంతే. తాత మళ్లీ చుట్ట చుట్టుకున్నాడు. ఎంత పిలిచినా విప్పుకోలేదు.

"ఏదో చిన్న మాటే అయ్యుంటుందిలే," అనుకుని గరుకన్న చీమల బారు దగ్గరికి నడిచాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తల వంచాడు. ఒక చీమను నోట్లో వేసుకున్నాడు.

పుల్లగా, కరకరలాడుతూ ఉంది. ఇంకోటి వేసుకున్నాడు. ఆపైన లెక్కపెట్టలేదు. కడుపు నిండింది. ఒళ్లు తేలికైంది. బతికి బట్టకట్టాడు.

"పొడలా! అహం వదిలేస్తే ఇంత సుఖమా! నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?"

"రోజూ చెప్పాను. నీ చెవులు కూడా ఆకాశంలోనే ఉండేవి."

సాయంత్రానికి గరుకన్నకి ఒక ఆలోచన వచ్చింది. ఇంతటి వినయం ఈ కంచె మొత్తంలో ఇంకెవరికైనా ఉందా? ఉడుతకి ఉందా? తోక చూడండి దానికి! కోడిపుంజుకి ఉందా? ఆ మాటే అనకండి. ఈ చుట్టుపక్కల తన అంత అణకువ ఉన్నవాడు లేనే లేడు! ఇలా అనుకుంటూ ఉంటే తల దానంతటదే పైకి లేచింది.

"మళ్లీ లేచిందయ్యో!" అంది పొడలమ్మ.

గరుకన్న చటుక్కున దించాడు. "ఎంత తొందరగా దించానో చూశావా?" అన్నాడు. అనగానే అది మళ్లీ లేచింది.

ఇక లాభం లేదనుకుని మర్నాడు గడ్డాన్ని నేలకి ఆనించి పడుకున్నాడు. "ఆకాశం విరిగిపడినా సరే, నేను తల ఎత్తను," అని ఒట్టు పెట్టుకున్నాడు. కళ్ల ముందునుంచి చీమలు పోతున్నాయి. నాలుక చాపితే చాలు. ఇంతకంటే సుఖం ఏముంటుంది?

అప్పుడే కంచెలోకి జెముడుకాకి వచ్చింది. ఎర్ర కళ్లు, ఇటుక రంగు రెక్కలు. అది ఎగిరి రాదు, దొంగలా కంపల మధ్య నడిచి వస్తుంది. ఎప్పుడూ గుంజ మీద తల ఎత్తుకుని ఉండే గరుకన్న దాన్ని దూరంనుంచే చూసి అరిచేవాడు. పిల్లలందరూ దాక్కునేవారు. ఈరోజు గుంజ ఖాళీగా ఉంది.

జెముడుకాకి చిట్టితోకను కంప మూలకి తరిమింది.

"నాన్నా! నాన్నా!"

గరుకన్నకి వినబడింది. లేవబోయి ఆగిపోయాడు. లేస్తే ఒట్టు పోతుంది. 'నేను' అనేదాన్ని వదిలేశాడు కదా. నేను లేనప్పుడు లేచేదెవరు? కాపాడాక "నేనే కాపాడాను" అనిపిస్తుందేమో! అలా అనిపిస్తే ఈ సుఖమంతా ఏమైపోతుంది?

"లేవవయ్యా!" పొడలమ్మ కేక పెట్టింది.

"నేను లేను, పొడలా. నేనంటూ ఎవరూ లేరు."

"నువ్వు లేకపోతే పొద్దుటినుంచి ఆ చీమలన్నీ మింగిందెవరు? మీ తాతా?"

జెముడుకాకి ముక్కు తెరిచింది. చిట్టితోక ఇక నాన్నను పిలవలేదు. ఆ నిశ్శబ్దం గరుకన్న చెవిలో ముల్లులా దిగింది.

ఒట్టు గాలికి పోయింది. గరుకన్న ఒక్క ఉదుటున జెముడుకాకి ముందు దూకాడు. ముందుకాళ్లు నిటారుగా చాపాడు, రొమ్ము విరిచాడు, తల ఎత్తాడు. కోపమంతా గొంతులోకి వచ్చి, గొంతు నిప్పులా ఎర్రబడింది.

"నేనున్నాను!"

జెముడుకాకి అదిరిపడింది. అంత చిన్న ఒంట్లో అంత పెద్ద 'నేను' ఉంటుందని అది అనుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఏదో పని గుర్తొచ్చినట్టు కంపల్లోంచి నడిచి వెళ్లిపోయింది.

చిట్టితోక వచ్చి నాన్న పొట్ట కింద దూరింది.

గరుకన్నకి ఆ క్షణంలో చాలా సుఖంగా ఉంది. అక్కడే వచ్చింది చిక్కు. తల దించినప్పుడూ సుఖంగానే ఉంది, ఎత్తినప్పుడూ సుఖంగానే ఉంది. ఏది నిజం?

తాత దగ్గరికి పరుగెత్తాడు. ఈసారి వీపు తట్టలేదు. "తాతా, 'కానీ ఒక్క మాట' అన్నావే, ఏమిటది?"

"అన్నానా? మరిచిపోయాను నాయనా. అయినా అన్నీ తెలిసినవాణ్నయితే, ఎవరో తాకగానే ఇలా ఎందుకు చుట్టుకుంటాను?"

గరుకన్న తిరిగొచ్చి గుంజ ఎక్కాడు. "నేనున్నాను," అని తల ఎత్తాడు. "నేనెంతటివాణ్ని," అని దించాడు. ఎత్తితే ఆకలి గుర్తొచ్చింది. దించితే జెముడుకాకి గుర్తొచ్చింది. మళ్లీ ఎత్తాడు.

"ఏదో ఒకటి తేల్చుకోవయ్యా, చూసేవాళ్లకి కళ్లు తిరుగుతున్నాయి," అంది పొడలమ్మ.

"తేలేదాకా రెండూ చేస్తాను," అన్నాడు గరుకన్న.

అప్పటినుంచే తొండ కంచె మీద కూర్చుని తల పైకీ కిందికీ ఊపుతూ ఉంటుంది, పంతం వస్తే గొంతు ఎర్రబడుతుంది. తమను వెక్కిరిస్తోందని పిల్లలు దాని మీద రాళ్లు విసురుతారు. విసరకండి. అది మిమ్మల్ని ఏమీ అనడం లేదు, దాని చిక్కులో అది ఉంది. సుఖం తల ఎత్తితే ఉందా, దించితే ఉందా అని నన్ను అడక్కండి. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో నేనింకా నేర్చుకోలేదు.