ఓబులమ్మ దూరదర్శిని

ఆ అద్దం పగలడానికి కారణం తానేనని జయరామాచారికి తెలుసు. తెలిసినా ఆ మాట నోట రాలేదు.

ఆదోనిలో మహబూబ్ పీరా అనే వృద్ధుడు ఉండేవాడు. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీయడం ఆయన వృత్తి. ఆకాశాన్ని చూసే దూరదర్శినులు చేయడం ఆయన ఇష్టం. ఆదివారం పొద్దున దుకాణం వెనక పెరట్లో, నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకు ఆ పని నేర్పేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. జయరామాచారి కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరరు. ఆరేళ్ళుగా ఉస్తాద్‌కు శిష్యుడు.

ఒక ఆదివారం, బాలికల హాస్టల్లో వంట చేసే ఓబులమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. తన చేతులతో ఒక దూరదర్శిని చేసుకోవాలని ఉందనీ, మొదటిసారి చేసేవాళ్ళకు ఏ రకం మంచిదో చెప్పమనీ అడిగింది. ఉస్తాద్ ఆమెను జయరామాచారికి అప్పగించాడు.

అతను సుద్దముక్కతో నేల మీద అయిదు రకాల బొమ్మలు గీశాడు. గంటసేపు వివరించాడు. చివరికి అన్నిటిలోకీ కష్టమైనదాన్ని చూపించి, ఇదే చెయ్యమన్నాడు. అందులో పెద్ద అద్దానికి నడిమధ్య రంధ్రం ఉండాలి. దానికి ఎదురుగా ఇంకో చిన్న వంపు అద్దం ఉండాలి. గొట్టం మాత్రం పొట్టిగా, అందంగా వస్తుంది. ఆ పెరట్లో అప్పటిదాకా ఎవరూ అలాంటిది చేయలేదు. మొదట చేయించింది నేనేనని చెప్పుకోవచ్చని అతనికి లోపల ఆశ.

ఓబులమ్మ బొమ్మ వంక చాలాసేపు చూసి, సరేనని తలూపింది.

పద్నాలుగు ఆదివారాలు ఆమె అద్దం అరగదీసింది. పదిహేనో ఆదివారం, జయరామాచారి దగ్గరుండి పట్టుకోగా ఇద్దరూ కలిసి రంధ్రం తొలుస్తుంటే, అద్దం రెండు ముక్కలైంది.

పెరట్లో అందరూ పని ఆపి చూశారు. వాళ్ళలో అతని విద్యార్థులు ఇద్దరున్నారు. ఓబులమ్మ ముక్కలను కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది.

"నాకు చదువు లేదు సార్. తప్పు నాదే," అంది.

"నువ్వు కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది," అన్నాడు జయరామాచారి.

అనగానే అతని చెవులు వేడెక్కాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఉస్తాద్ లేచి వచ్చి ముక్కల్ని చూశాడు. శిష్యుణ్ణి పక్కకు పిలిచి, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు.

"ఇలాంటివి నువ్వు ఎన్ని చేశావు?"

"ఒక్కటీ చేయలేదు ఉస్తాద్."

ఆయన తిన్నగా ఓబులమ్మ దగ్గరికి వెళ్ళి, ఏం చూడాలని ఉంది తల్లీ అని అడిగాడు. చందమామను చూడాలనీ, హాస్టల్ పిల్లలకు చూపించాలనీ ఆమె చెప్పింది. ఇన్ని వారాల్లో ఆ ఒక్క సంగతీ జయరామాచారి అడగలేదు.

ఉస్తాద్ అలమరలోంచి అరచేయంత గాజుబిళ్ళలు రెండు తెచ్చాడు. కింద ఒక గుంట అద్దం, పైన ఏటవాలుగా ఒక చదును అద్దం, పొడుగాటి చెక్క గొట్టం, ఇంతే పని అని ఆమెకు చెప్పాడు. ఒక బిళ్ళను పీపా మీద బిగించి, గరుకుపొడి చల్లి, గుంట అద్దం కావలసిన రెండోదాన్ని దాని మీద రుద్దమని ఆమె చేతికిచ్చాడు. తర్వాత నీళ్ళచెంబు తెచ్చి జయరామాచారి చేతిలో పెట్టాడు.

"ఆమె అరగదీస్తుంది. నువ్వు నీళ్ళు పొయ్యి."

అందరి ముందూ అతను చెంబు పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడు, ఎంత పొయ్యాలో తెలియలేదు. ఎక్కువైతే పొడి కొట్టుకుపోయేది. తక్కువైతే బిళ్ళలు ఒకదానికొకటి పట్టేసేవి. ఓబులమ్మ మాత్రం చప్పుడు వింటూనే పొడి అరిగి మెత్తబడిందని చెప్పేది. ఆ తేడా అతని చెవికి అందేది కాదు.

ఆ చిన్న దూరదర్శిని కొన్ని నెలల తర్వాత హాస్టల్ మేడ మీదికి చేరింది. పిల్లలు వరసలో నిలబడి చందమామ మీది గుంటలు చూశారు. అయితే జయరామాచారి మరిచిపోలేకపోయింది మాత్రం పెరట్లో నీళ్ళు పోసిన మూడో ఆదివారాన్ని.

ఆ పొద్దున అతను నీళ్ళు పోయడం ఆపి, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఓబులమ్మగారూ, ఆ అద్దం పగలడం మీ తప్పు కాదు. అలాంటిది నేను ఎప్పుడూ చేయలేదు. చేయకుండానే మీకు చెప్పాను."

ఆమె చేతులు ఆగలేదు.

"రంధ్రం తొలిచేటప్పుడు మీ చేతులు వణికాయి సార్. అప్పుడే తెలిసింది."

"మరి తప్పు మీదేనని ఎందుకన్నారు?"

"మీ కాలేజీ పిల్లలు చూస్తున్నారు కదా," అంది.

జయరామాచారి ఉస్తాద్ వంక చూశాడు. గుమ్మంలో కూర్చున్న ఉస్తాద్ చేతిలోని కళ్ళజోడు అద్దాన్ని తుడుచుకుంటూ, తల ఎత్తలేదు.

"పొయ్యండి సార్," అంది ఓబులమ్మ మెల్లగా. "పొడి ఆరిపోతోంది."

అతను చెంబు వంచాడు.